పసిబిడ్డల చదువు: మనము కోరవలసినదేమి?

(మహేశ్వరమునందు జరిగిన మన విశ్వబ్రాహ్మణ సంఘ వార్షిక మహాసభలో చేసిన యుపన్యాసము)



ఇట్టి మహాసభలయందు కులోన్నతి, ఐకమత్యము, వృత్తిరక్షణము, ఉన్నతవిద్య మున్నగు గంభీరవిషయములను గుఱించి పెద్దలు ప్రసంగించుట పరిపాటి. నేను ఎన్నుకొన్నది మిక్కిలి చిన్న విషయము. బడిలో క్రొత్తగా అడుగుపెట్టిన బిడ్డ మొదటి మూఁడు తరగతులలో ఏమి నేర్వవలెను, ఏమి చేయవలెను, మనము ఆ బిడ్డనుండి ఏమి కోరవలెను, ఏమి కోరఁగూడదు అనునదియే నా ప్రసంగవిషయము. విషయము చిన్నదే గాని, మన సంఘము కోరుచున్న తక్కిన ఉన్నతులన్నియు దీనిపైననే నిలిచియున్నవని బడిపంతులుగా గడపిన నా జీవితము నాకు బోధించినది.

మనము కూర్చున్న ఈ గ్రామమును ఒక్కసారి చూడుఁడు. ఇచ్చటి శివగంగా రాజరాజేశ్వరస్వామి దేవాలయమును, కోనేటిని 17వ శతాబ్దమున గోలకొండ సుల్తాను మంత్రులైన అక్కన్న మాదన్నలు కట్టించిరని ప్రసిద్ధి. ఆ రాళ్లను చెక్కినవాఁడు, ఆ తలుపులను కూర్చినవాఁడు, ఆ ఉలులకు పదును పెట్టినవాఁడు మన వృత్తులవాఁడే. మొన్నమొన్నటివఱకు ఈ చుట్టుప్రక్కల ప్రతి గ్రామమునందును ఒక కమ్మరి కొలిమి, ఒక వడ్లవారి చావడి, ఒక అవుసలవారి కుంపటి ఉండెను. 2008వ సంవత్సరము మార్చి 23వ తేదీన శంషాబాదు విమానాశ్రయమున రాకపోకలు మొదలయ్యెను. ఆ పిమ్మట బాహ్యవలయ రహదారి, దాని వెంట కర్మాగారములు, భూముల క్రయవిక్రయములు వచ్చినవి. నాఁగళ్లు మూలఁబడెను. కొలుములు ఆఱిపోయెను. మన బిడ్డలు ఉదయముననే మెడకు పట్టీలు కట్టుకొని పసుపుపచ్చ బస్సులెక్కి పోవుచున్నారు. దీనిని నేను నిందించుటలేదు. కాలము మాఱినప్పుడు చదువు మాఱవలసినదే. కాని మాఱిన చదువులో బిడ్డ నిజముగా ఏమి నేర్చుకొనుచున్నదో మనలో ఎందఱు విచారించుచున్నాము?

నేను పంతులుగా నున్న కాలమున తండ్రులు వచ్చి నన్నడిగిన ప్రశ్నలు జ్ఞాపకమున్నవి. "మా వానికి ఎన్ని మార్కులు వచ్చినవి?" "మా అమ్మాయికి ఎన్నవ స్థానము?" "ఇంగ్లీషు మాటలాడుచున్నదా?" "ఇంటికి పని ఎక్కువగా ఈయరాదా?" ఇవియే ప్రశ్నలు. "మా బిడ్డ ఒక కథను చదివి, దానిని తన మాటలలో మరల చెప్పఁగలదా?" అని అడిగిన తండ్రి నాకు జ్ఞాపకము రాలేదు. అట్లు అడుగవలసినదని నేనును ఏ తండ్రికి చెప్పలేదు. ఆ దోషమును పిమ్మట మనవి చేసెదను.

ముందుగా శాస్త్రము. కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున రాజకుమారుని వినయమును నిరూపించుచు, చౌలకర్మ జరిగిన పిమ్మట ఆ బాలుఁడు లిపిని, సంఖ్యానమును అభ్యసింపవలెనని విధించెను. ఆన్వీక్షికి, దండనీతి మున్నగునవన్నియు ఉపనయనానంతరము వచ్చును. సింహాసనమెక్కవలసిన బిడ్డకు సైతము మొదట విధింపఁబడినవి రెండే: వ్రాఁత, లెక్క. నేఁటి ప్రభుత్వమును చాల దూరము తిరిగి ఈ రెంటికడకే వచ్చి చేరినది. 2020వ సంవత్సరము జులై మాసమున ప్రకటింపఁబడిన జాతీయ విద్యావిధానము మూఁడవయేటినుండి ఎనిమిదవయేటివఱకు గల కాలమును పునాదిదశగా నిర్ణయించి, చదువుట, వ్రాయుట, లెక్కించుట అను మూలవిద్యలు రాని బిడ్డకు తక్కిన విధానమంతయు నిష్ప్రయోజనమగునని హెచ్చరించినది. 2021వ సంవత్సరము జులై 5వ తేదీన నిపుణ్ భారత్ అను కార్యక్రమము ఆరంభింపఁబడెను. 3వ తరగతి ముగియునాఁటికి దేశమునందలి ప్రతి బిడ్డకును ఈ మూలవిద్యలు అబ్బవలెనని, అందులకు 2026–27వ సంవత్సరము అవధియని అది నిర్ణయించినది. మన తెలంగాణములో 2022వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీనుండి 1వ తరగతి మొదలు 5వ తరగతివఱకు ఇదే ఉద్దేశముతో "తొలిమెట్టు" అను కార్యక్రమము నడపఁబడినది.

ఆ నిపుణ్ లక్ష్యములు ఎట్టివో తల్లిదండ్రులకు తెలియవలెను గనుక వివరించెదను. బడికి ముందటి సంవత్సరమున బిడ్డ అక్షరములను, వాని ధ్వనులను గుఱుతించి, రెండు మూఁడక్షరముల చిన్న మాటలను చదువవలెను. 10 వఱకు అంకెలను చదువవలెను. 1వ తరగతి ముగియునప్పటికి నాలుగైదు మాటలుగల చిన్న వాక్యములను, మునుపు చూడనివానిని సైతము, అర్థము తెలిసి చదువవలెను. 99 వఱకు సంఖ్యలు తెలిసి, చిన్న కూడికలు, తీసివేతలు చేయవలెను. 2వ తరగతిలో నిమిషమునకు 45 మొదలు 60 మాటలవఱకు చదువవలెను. 999 వఱకు సంఖ్యలు తెలియవలెను. 3వ తరగతి ముగియునాఁటికి నిమిషమునకు 60 మాటలకు తక్కువ కాకుండ, భావము గ్రహించుచు చదువవలెను. 9999 వఱకు సంఖ్యలు తెలిసి, సులభమైన గుణకారపు లెక్కలు చేయవలెను. ఇంతియే. ఇందులో రాజధానుల పేర్లు లేవు, కంఠపాఠముగా ఒప్పగించు ఇంగ్లీషు గేయములు లేవు, స్థానము లేదు, బహుమానము లేదు.

ఇది చాల స్వల్పమని మీకు తోఁపవచ్చును. అది పొరపాటు. 2024వ సంవత్సరపు అసర్ నివేదికను చూడుఁడు. గ్రామీణ భారతదేశమున ప్రభుత్వపాఠశాలలలో 3వ తరగతి చదువుచున్న పిల్లలలో 2వ తరగతి పాఠమును చదువఁగలిగినవారు నూటికి సుమారు 23 మంది మాత్రమే. తక్కిన బిడ్డలు బడికి పోవుటలేదా? పోవుచున్నారు. హాజరుపట్టీలో పేరున్నది, మధ్యాహ్నభోజనమున్నది, పై తరగతికి పోవుటయు నున్నది. చదువు మాత్రము లేదు. పునాదిలేని గోడపై మఱియొక వరుస, దానిపై మఱియొక వరుస పేర్చినట్లు ఏఁటేఁట తరగతులు పేర్చఁబడుచున్నవి. గోడ కట్టు పద్ధతి మనకెఱుకయే గనుక ఇంతకన్న చెప్పనక్కఱలేదు.

ఇచ్చట ఒక భేదమును చెప్పవలసియున్నది. నిమిషమునకు 60 మాటలను లెక్క అన్ని భాషలకు ఒక్క తీరున సరిపడదు. ఇంగ్లీషులో మూఁడు మాటలుగా వ్రాయునది మనకు "మాయింటినుండి" యని ఒక్క మాట యగును. విభక్తులు, సంధులు, సమాసములు ఒకదానిలో నొకటి చేరి మన మాట దీర్ఘమగును. కాఁబట్టి గడియారము పట్టుకొని తెలుఁగుబిడ్డను తఱుమఁగూడదు. మఱియు మన లిపికి ఒక గుణమున్నది. ఆ గుణమునందే ఒక అపాయమున్నది. అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలసి వందలకొలఁది రూపములగును. వానిని నేర్చుకొనుటకు బిడ్డకు ఒకటి రెండేండ్లు పట్టును. నేర్చుకొన్న పిమ్మట మాత్రము వ్రాసినదెట్లో చదువుట యట్లే. ఇంగ్లీషునందువలె వ్రాఁత యొకటి, ఉచ్చారణ మొకటి కాదు. అందువలన మన బిడ్డ ఏ పుస్తకమిచ్చినను గడగడ చదివివేయఁగలదు. తల్లిదండ్రులు సంతోషింతురు, పంతులు సంతోషించును. పుస్తకము మూసి "ఏమి చదివితివమ్మా?" యని అడుగుఁడు. బిడ్డ మౌనము వహించును. నోరు చదివినది గాని మనస్సు చదువలేదు.

ఇది క్రొత్త జబ్బు కాదు. 1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ పాఠశాలలను గుఱించి విచారణ చేయ నాజ్ఞాపించెను. తెలుఁగు వ్యాకరణమును రచించిన ఏ. డి. కాంబెల్ అప్పుడు బళ్లారి కలెక్టరు. ఆయన 1823వ సంవత్సరమున పంపిన నివేదికలో తన జిల్లాయందు 533 పాఠశాలలు, 6,641 మంది విద్యార్థులు ఉన్నట్లు లెక్క చూపెను. అయిదేండ్లు నిండిన బిడ్డ యింటికి పంతులును, బడిపిల్లలును వచ్చి, గణపతిపూజ చేసి, బియ్యములో వ్రేలితో అక్షరములు దిద్దించు విధమును ఆయన వర్ణించెను. బిడ్డలు ఇసుకలో వ్రేలితో వ్రాయుచు అక్షరములు నేర్చుకొనుటను, చదువు వచ్చిన పిల్లవాఁడు రానివానికి నేర్పుటను మెచ్చుకొనెను. అంతటితో ఊరకుండక, ఆ బడులలో పిల్లలు గ్రాంథికమైన పద్యములను అర్థమెఱుఁగకయే వల్లించుచున్నారనియు, అది చదువుటయే గాని తెలిసికొనుట కాదనియు ఆక్షేపించెను. మన వీథిబడులను కీర్తించు పెద్దలు ఆ నివేదికలోని మొదటి భాగమునే చెప్పుదురు. రెండవ భాగమును గూడ చెప్పుట న్యాయము. నేను సంస్కృతము చదివినవాఁడను. అమరకోశమును వల్లించుటవలన నాకు కలిగిన మేలును మఱవలేదు. కంఠపాఠమును నేను ద్వేషింపను. ఎక్కములు నోటికి రావలసినవే. పద్యములు నోటికి రావలసినవే. అర్థము దానిని వెన్నంటి రావలెననియే నా మనవి. శ్రీ వీరబ్రహ్మేంద్రస్వామివారు తమ తత్త్వములను పామరులు సైతము గ్రహింపఁగల తేట తెలుఁగున పాడుటకు కారణమిదియే కదా!

ఇఁక భాషను గుఱించి. నిజాము రాజ్యమున ఉర్దూ బోధనాభాషగా నుండెను. తెలుఁగుబిడ్డ ఇంట ఒక భాషను, బడిలో మఱియొక భాషను ఎదుర్కొనవలసివచ్చెను. ఆ స్థితిలో 1901వ సంవత్సరమున హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1928వ సంవత్సరమున మాడపాటి హనుమంతరావు పంతులుగారి కృషిచే తెలుఁగు మాధ్యమముగాఁ గల బాలికల పాఠశాల నారాయణగూడలో స్థాపితమయ్యెను. 1930వ సంవత్సరమున సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటయందు ప్రథమాంధ్రమహాసభ జరిగెను. మాతృభాషలో చదువు కావలెనని ఆనాఁటి పెద్దలు ఎంత శ్రమపడిరో మనము మఱచితిమి. 2018వ సంవత్సరపు చట్టముచే తెలంగాణమునందలి సకల పాఠశాలలలో తెలుఁగు నిర్బంధపాఠ్యాంశమైనది. 2022–23వ సంవత్సరమునుండి ప్రభుత్వపాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టఁబడి, ఒక ప్రక్క తెలుఁగును, ఒక ప్రక్క ఇంగ్లీషును గల పుస్తకములు అచ్చువేయఁబడెను.

ఇంగ్లీషు వలదని నేను చెప్పను. విమానాశ్రయపు నీడలో బ్రదుకు మన బిడ్డలకు ఇంగ్లీషు వలదనుట అవివేకము. కాని ఒక భాషలో చదువుట యనఁగా నేమో తెలిసిన బిడ్డ రెండవ భాషలో చదువుటను శీఘ్రముగా నేర్చును. ఏ భాషలోను చదువుట యనఁగా నేమో తెలియని బిడ్డ రెంటికిని చెడును. "నీరు", "నిప్పు", "అమ్మమ్మ" అను మాటలకు అర్థము బిడ్డ మనస్సులో ముందే యున్నది. ఆ అర్థముపై అక్షరమును నిలుపుట సులభము. అర్థమెఱుఁగని మాటపై అక్షరమును నిలుపుట గాలిలో మేకు దిగఁగొట్టుట వంటిది.

సోదరులారా! అర్థముతో నేర్చుకొనుట యెట్లో మన వంశములకు తెలిసినంత మఱెవ్వరికిని తెలియదు. అవుసలవాని బిడ్డ తండ్రి త్రాసుకడ కూర్చుండి గురువెంద గింజలను లెక్కించుచు సంఖ్యను నేర్చెను. వడ్లవాని బిడ్డ మూలమట్టమును పట్టుకొని లంబకోణమును చూచెను. కమ్మరి బిడ్డ తిత్తి యూఁదుచు ఇనుము ఏ రంగునకు వచ్చినప్పుడు మెత్తనగునో కన్నులతో గ్రహించెను. పాతిక, వీసము అనునవి వారికి పుస్తకములోని భిన్నములు కావు, చేతిలోని తునుకలు. 1937వ సంవత్సరము అక్టోబరు మాసమున వార్ధాలో గాంధిమహాత్ముఁడు విద్యావేత్తలను సమావేశపఱచి, మాతృభాషలో, ఒక చేతిపనిని కేంద్రముగాఁ గొని, ఏడేండ్ల నిర్బంధవిద్య నడపవలెనని ప్రతిపాదించెను. ఆ పథకమును రూపొందించిన సంఘమునకు అధ్యక్షుఁడైన జాకీర్ హుసేన్ గారు హైదరాబాదున జన్మించినవారే. చేయి కదలినప్పుడు బుద్ధి కదలునని వారు చెప్పినది మన చావడులలో తరతరములుగా జరుగుచుండినదే. నేఁటి విద్యావిధానమును ఆట, బొమ్మ, చేతిపని యివియే పసిబిడ్డకు చదువని చెప్పుచున్నది.

ఇచ్చట నేను మునుపు చెప్పిన నా దోషమును మనవి చేసెదను. సుమారు 30 ఏండ్ల క్రిందట ఒక గ్రామపాఠశాలలో మన కులమువాఁడే, ఒక వడ్రంగి కొడుకు నాకడ చదువుచుండెను. పేరు చెప్పను. 4వ తరగతికి వచ్చినను వానికి చదువు రాలేదు. ఎక్కములు ఒప్పగింపలేకపోయెడివాఁడు. నేను వానిని గోడకడ నిలువఁబెట్టితిని, కొట్టితిని గూడ. ఒకనాఁడు బడి బల్ల విఱుగఁగా వాని తండ్రిని పిలిపించితిమి. తండ్రికంటె ముందుగా ఆ పిల్లవాఁడే జానెతో కొలిచి, మూఁడడుగుల పలకను నాలుగు సమభాగములు చేసిన ఒక్కొక్కటి తొమ్మిది అంగుళములగునని చెప్పెను. నేను నవ్వితిని గాని ఆలోచింపలేదు. ఈ బిడ్డకు లెక్క వచ్చును, లెక్కకు నేను పెట్టిన పేరు మాత్రమే రాదు అని నాకు తోఁపవలసియుండెను. ఆ కొలకఱ్ఱనే పుస్తకముగాఁ జేసి, "బల్ల", "పలక", "అంగుళము" అను మాటలను దానిపై వ్రాసి చూపవలసియుండెను. అట్లు చేయలేదు. పాఠ్యభాగము పూర్తి కావలెనను తొందరలో వానిని వెనుక వరుసకు పంపితిని. 5వ తరగతితో వాఁడు బడి విడిచెను.

పదునాలుగేండ్లకు పిమ్మట వాఁడు ఒక కాగితము పట్టుకొని నాయింటికి వచ్చెను. ఈ ప్రాంతమున భూముల వెలలు పెరుగుచున్న కాలమది. తాత సంపాదించిన కొద్దిపాటి నేలలో కొంతభాగము అమ్ముటకు ఒప్పుకొని ఆ కాగితముపై సంతకము చేసితి ననుకొన్నాఁడు. నేను చదివి చూడఁగా అందు వ్రాసియున్నది కొంతభాగము కాదు, నేలయంతయు. "చదువలేకపోయితివా?" యని అడిగితిని. "అక్షరములు తెలియును, సారూ. కూడబలుకుకొని చదివినాను గాని ఏమి చెప్పుచున్నదో తెలియలేదు. అడుగుటకు సిగ్గుపడినాను" అని వాఁడు చెప్పెను. వాఁడు నన్ను నిందింపలేదు. తలుపుకడ చెప్పులు తొడుగుకొనుచు నాకు నమస్కరించి పోయెను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వానికి సంతకము నేర్పినది నేనే. చదువుట నేర్పనిదియు నేనే. సిగ్గు నేర్పినదియు నేనే. ఈ సభయందు ఈ విషయమును ఎన్నుకొనుటకు కారణ మిదియని మీరు గ్రహింపఁగలరు.

కాఁబట్టి పసిబిడ్డలనుండి మనము కోరఁగూడనివానిని మొదట చెప్పెదను. భయమును కోరఁగూడదు. 2009వ సంవత్సరమున చేయఁబడి 2010వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టములోని 17వ ప్రకరణము బిడ్డను కొట్టుటను, మనస్సు నొప్పించి బాధించుటను నిషేధించినది. దండనమును సమర్థించు నీతిశ్లోకములను కొందఱు ఇప్పటికిని ఉదాహరించుచుందురు. నేనును ఉదాహరించినవాఁడనే. అట్లు కొట్టి నేర్పినది సిగ్గు మాత్రమేయని చూచితిని గనుక ఇఁక ఉదాహరింపను. అదే చట్టములోని 13వ ప్రకరణము బడిలో చేర్చుకొనుటకు బిడ్డకుగాని తల్లిదండ్రులకుగాని పరీక్ష పెట్టఁగూడదని చెప్పుచున్నది. మూఁడేండ్ల బిడ్డను కుర్చీలో కూర్చుండఁబెట్టి ప్రశ్నలు వేయు బడికి దక్షిణ చెల్లించి మనమే పోవుచున్నాము.

బరువును కోరఁగూడదు. నవలాకారుఁడు ఆర్. కె. నారాయణ్ గారు రాజ్యసభలో 1989వ సంవత్సరమున తమ మొదటి ప్రసంగమున మాటలాడినది రాజకీయమును గుఱించి కాదు, పసిపిల్లల వీఁపులమీఁది సంచులను గుఱించి. ఆ పిమ్మట 1993వ సంవత్సరమున ఆచార్య యశ్‌పాల్ గారి సంఘము భారములేని చదువును గుఱించి నివేదిక సమర్పించెను. 2020వ సంవత్సరపు జాతీయ విధానము బడిసంచి బిడ్డ శరీరపు బరువులో పదియవవంతును మించఁగూడదనియు, 2వ తరగతివఱకు ఇంటిపని ఈయఁగూడదనియు చెప్పినది. 20 కిలోల బిడ్డకు 2 కిలోల సంచి. మీ యింటి త్రాసుతో నేఁడే తూఁచి చూడుఁడు. ఇంటిపని ఎక్కువ యిచ్చు బడి మంచిబడియను భ్రమను విడువుఁడు.

ఇఁక కోరవలసినవి. బిడ్డ మాటలాడవలెను. తాను చూచినదానిని క్రమముగా చెప్పవలెను. ఇతరులు చెప్పునప్పుడు వినవలెను. తెలియనిదానిని వెఱపులేక అడుగవలెను. బొమ్మల పుస్తకమును తెఱచి అందేమి జరుగుచున్నదో ఊహింపవలెను. గింజలు, పుల్లలు, గాజుపెంకులు లెక్కించి, కుప్పలు పెట్టి, ఎక్కువ తక్కువలు తెలిసికొనవలెను. మట్టిని పిసికి, కాగితమును మడిచి, కత్తెరతో కత్తిరించి వ్రేళ్లకు పట్టు తెచ్చుకొనవలెను. వ్రేళ్లకు పట్టు రానిదే వ్రాఁత కుదురదు. చేతులు కడుగుకొనుట, తన వంతునకై వేచియుండుట, తీసిన వస్తువును తీసినచోటనే పెట్టుట నేర్వవలెను. పనిముట్టును ఎక్కడిదక్కడ పెట్టని పనివాఁడు పనివాఁడు కాఁడని మన పెద్దలు చెప్పుచుండిరి. అది బడిసంచికిని చెల్లును. ఏడుపు, కోపము, ఓటమి వచ్చినప్పుడు తట్టుకొనుటయు ఈ వయస్సున నేర్వవలసినదే. ఆఁడుబిడ్డకు, మగబిడ్డకు ఇందులో ఏ మాత్రమును భేదము లేదు.

ఆఁకలిగొన్న బిడ్డనుండి ఏమియు కోరఁగూడదనియు చెప్పవలెను. 2023వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన ఈ మహేశ్వరము ప్రాంతమునందలి రావిర్యాలలో బడిపిల్లలకు ఉదయపు ఉపాహార పథకము ఆరంభింపఁబడినది మీలో పలువురు చూచియుందురు. ప్రభుత్వములు పథకములను పెట్టును, మార్చును, మానును. తల్లి పెట్టు గుప్పెడు అన్నము మాత్రము మానరాదు. తెల్లవాఱుజామున పనికి పోవు తల్లులున్న యిండ్లలో ఆ భారమును ఇరుగుపొరుగువారు పంచుకొనవలెను.

ఇంతవఱకు పరులను గుఱించి చెప్పితిని. మన సంఘమును గుఱించి చెప్పి ముగించెదను. మనము ఏఁటేఁట పదవ తరగతిలోను, ఆపై పరీక్షలలోను మొదటి మార్కులు తెచ్చుకొన్న బిడ్డలకు శాలువలు కప్పి, నగదు బహుమానము లిచ్చుచున్నాము. ఇది మంచి కార్యమే. కాని ఆ బిడ్డలు మనము బహుమానమీయకున్నను చదువుకొనువారే. 3వ తరగతిలో చదువురాక వెనుక వరుసకు పోయిన బిడ్డ ఏ శాలువకును రాఁడు. వానిని వేదికపై మన మెన్నఁడును చూడము. పోషకులారా! బహుమానములకై మీరిచ్చు ధనములో సగమును ఇఁకమీఁద ఈ చిన్నబిడ్డలకు కేటాయింపుఁడని ప్రార్థించుచున్నాను. నా ప్రతిపాదనలు నాలుగు.

మొదటిది. మన కులమువారు పది యిండ్లున్న ప్రతి గ్రామమునందును ఒక అలమర. మన వడ్రంగులు చేయునదే, బిడ్డ చేయి అందునంత ఎత్తున. అందు తెలుఁగున బొమ్మల కథల పుస్తకములు ఏఁబది. తాళము వలదు. పుస్తకము చినిఁగిన అతికింపవచ్చును; తాళము వేసిన పుస్తకమువలన ప్రయోజనము లేదు. అన్ని కులముల బిడ్డలను, ఇటీవల పరరాష్ట్రములనుండి పనికై వచ్చినవారి బిడ్డలను అందు చదువనిండు. మన కొలిమి ఊరందఱి నాఁగళ్లకు పదును పెట్టినది; మన అలమర ఊరందఱి బిడ్డలకు ఉండుట మనకు తగును.

రెండవది. విశ్రాంతి పొందిన ఉపాధ్యాయులును, కళాశాలలో చదువు యువతీయువకులును వారమునకు రెండు సాయంకాలములు ఆ అలమరకడ కూర్చుండి పిల్లలచే చదివించి, చెప్పించి, వినవలెను. పరీక్ష పెట్టఁగూడదు. నా శక్తి యున్నంతవఱకు ఈ గ్రామమునందలి సాయంకాలములు నావి.

మూఁడవది. ప్రతి తండ్రియు నెలకొకమాఱు తన బిడ్డను చావడికి తీసికొనిపోయి కొలకఱ్ఱను, త్రాసును, మూలమట్టమును చేతికిచ్చి చూపవలెను. పనిలో పెట్టుమని నేను చెప్పుటలేదు. 1986వ సంవత్సరపు బాలకార్మిక చట్టము, 2016వ సంవత్సరపు సవరణము పదునాలుగేండ్లలోపు బిడ్డను పనిలో పెట్టుటను నిషేధించినవి. కుటుంబవృత్తిలో తోడ్పడుటకు ఇచ్చిన మినహాయింపు సైతము బడివేళలు ముగిసిన పిమ్మటనే, అపాయములేని పనికే. కొలిమి, రంపము బిడ్డకు తగవు. కొలుచుట, తూఁచుట, లెక్కించుట మాత్రము తగును.

నాలుగవది. ఇది తల్లులకు. రాత్రి భోజనమైన పిమ్మట బిడ్డచే నాలుగు పంక్తులు చదివించి, పుస్తకము మూసి, "ఏమున్నదమ్మా అందులో?" యని అడుగుఁడు. మీకు చదువు రాకున్నను ఈ పరీక్ష చేయవచ్చును. బిడ్డ తన మాటలలో చెప్పినచో చదువు వచ్చుచున్నది. చెప్పలేకున్న బిడ్డను తిట్టకుండ మఱునాఁడు పంతులను అడుగుఁడు. తల్లి అడుగు బడిలో పంతులు జాగరూకుఁడై యుండును. నన్ను అట్లు ఒక్క తల్లి అడిగియున్నను ఆ వడ్రంగి కొడుకు చదివియుండెడివాఁడు.

మహాజనులారా! రాతిని చెక్కువాఁడు మొదట తట్టి దాని నాదమును వినును. వినకయే ఉలి పెట్టినవానికి రాయి పగులును. బిడ్డయందును మొదటి మూఁడేండ్లు వినవలసిన కాలము. ఆ ఓపిక మన పూర్వులకు రాతియెడల నుండెను. మనకు బిడ్డలయెడల నుండవలెను. నా మాటలలో దోషమున్న మన్నించి, గుణమున్న గ్రహించి, ఈ నాలుగు ప్రతిపాదనలను కార్యనిర్వాహకవర్గము నేఁటి తీర్మానములలో చేర్చవలసినదిగా వేఁడుకొనుచున్నాను.

సర్వే జనాః సుఖినో భవంతు.